జైసల్మేర్ తర్వాత మేమేనా?

మా వైపు వాళ్ళు పదిమంది ఒకచోట చేరితే చాలు, అది ఊళ్ళో జాతర కానీయండి, బెంగుళూరులో గృహప్రవేశం కానీయండి, భోజనాలయ్యాక ఎవరో ఒకరు క్విజ్ మొదలెడతారు. ఆ ఎవరో ఒకరు ఎక్కువసార్లు మన సాఫ్ట్‌వేర్ బాపతే అయ్యుంటాడు. అతగాడి ఫోనులో ఎక్కడినుంచో వచ్చిన యాభై ప్రశ్నల జాబితా ఒకటి ఉంటుంది. బుర్కినా ఫాసో రాజధాని, ఆక్టోపస్‌కి ఎన్ని గుండెలు, మొదటి ఆస్కార్ ఎవరికి... ఈ వరసలో మన జిల్లా ప్రశ్న కూడా ఒకటి తప్పకుండా వస్తుంది. "దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వర్షం పడే జిల్లా ఏది?" పిల్లాజెల్లా అందరూ ఒక్క గొంతుతో "అనంతపురం!" అని అరుస్తారు. చప్పట్లు కూడా పడతాయి.

ఈ ప్రశ్న మీద నాకు చాలాకాలంగా రెండు అభ్యంతరాలున్నాయి. ఒకటి, ఆ జవాబు తప్పు. రెండు, అది ఒప్పే అయినా మనకు అక్కరకొచ్చే ప్రశ్న కాదు.

ముందు తప్పు సంగతి చూద్దాం. అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. జైసల్మేర్‌లో 200 లోపే. మరి ఈ రెంటి మధ్యా ఇంకెవరూ లేరా అంటే, బోలెడుమంది ఉన్నారు. బికనీర్, బాడ్మేర్‌లలో 300 కూడా దాటదు. జోధ్‌పూర్ కూడా మనకంటే కిందే. లదాఖ్‌లోని లేహ్ అయితే ఏకంగా 100 దగ్గర ఉంటుంది, అంటే జైసల్మేర్‌కి కూడా మొదటి ర్యాంకు దక్కదు. ఆంధ్రప్రదేశ్ వరకే అడిగితే అనంతపురానిది అతి తక్కువ వాన అనడం సరైనదే. దక్షిణాదిలో బాగా తక్కువ వానలు పడే చోట్లలో మాదొకటి అన్నా ఒప్పుకోవచ్చు. దేశంలో రెండో స్థానం మాత్రం ఏ లెక్కన చూసినా కుదరదు. అయినా ఆ మాట పాఠాల్లోకీ, ప్రసంగాల్లోకీ, పోటీ పరీక్షల గైడుల్లోకీ ఎక్కేసింది. ఒకరు రాసింది ఇంకొకరు ఎత్తి రాసుకుంటూ పోయారు. మన వృత్తిలో దీన్ని కాపీ పేస్ట్ బగ్ అంటాం కదా, అదే ఇది.

ఇలాంటి బగ్గు మనకొక్కరికే పట్టలేదు లెండి. ట్రివియల్ పర్‌స్యూట్ అని కెనడాలో పుట్టిన క్విజ్ బోర్డు ఆట ఒకటుంది. 1980లలో అమెరికాలో దాని గురించి తెలియని ఇల్లు లేదు. అందులో "టీవీ డిటెక్టివ్ కొలంబో మొదటి పేరు ఏమిటి?" అనే ప్రశ్నకు "ఫిలిప్" అని జవాబు అచ్చువేశారు. తమాషా ఏమిటంటే ఆ సీరియల్లో అతని మొదటి పేరు ఎవరూ పలకరు. ఫ్రెడ్ వర్త్ అనే ఆయన తన ట్రివియా ఎన్‌సైక్లోపీడియాని ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికని ఆ "ఫిలిప్"ని కావాలనే ఇరికించి పెట్టాడు! ఆటలో అదే పేరు కనబడేసరికి 1984లో దావా వేశాడు, ఓడిపోయాడు. వాస్తవాల మీద ఎవరికీ కాపీరైట్ ఉండదని కోర్టు తేల్చింది. దావా సంగతి ఎలా ఉన్నా, ఒక తప్పు జవాబు కొన్ని లక్షల ఇళ్ళలో ఒప్పుగా చలామణీ అయిపోయింది. ఫిలిప్ వల్ల ఎవరికీ నష్టం లేదనుకోండి. మన "రెండో స్థానం" వల్ల మాత్రం ఉందని నా అభిప్రాయం.

ఎందుకో చెప్పేముందు, దాని బదులుగా నేనడిగే ప్రశ్న ఒకటి చెప్తాను. లండన్, అనంతపురం, కాలిఫోర్నియాలోని శాన్‌హోసే. ఈ మూడింటినీ వాన ఎక్కువ పడే వరసలో పెట్టండి.

మనవాళ్ళలో చాలామంది ఈ మూడు ఊళ్ళూ చూసినవాళ్ళే. లండన్ అంటే గొడుగు, శాన్‌హోసే అంటే పచ్చటి లాన్లు, అనంతపురం అంటే ఎండ. కాబట్టి అనంతపురాన్ని అట్టడుగున పెట్టేస్తారు. నిజానికి లండన్‌లో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లు, అనంతపురంలో 550, శాన్‌హోసేలో సుమారు 380. మన కుర్రాళ్ళు హెచ్-1 మీద వెళ్ళి ఇళ్ళు కొనుక్కుంటున్న సిలికాన్ వ్యాలీలో మన కరువు సీమ కంటే తక్కువ వాన పడుతుందన్నమాట. ఈ జవాబు చెప్పిన తర్వాత చప్పట్లు పడవు. "ఆఁ? మరైతే కరువు మనకెందుకు?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే ఈ ప్రశ్న అడగాలి.

దానికి జవాబు మిల్లీమీటర్లలో లేదు. నైఋతి ఋతుపవనాల తడి చాలావరకు పడమటి కనుమల అవతలే కురిసిపోతుంది, మనది కొండల చాటు పీఠభూమి. ఈశాన్య ఋతుపవనాలు బంగాళాఖాతం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి ఓపిక అయిపోయి ఉంటాయి. రెండిటికీ మనం దూరపు చుట్టాలమే. లండన్‌లో ఆ 600 ఏడాది పొడుగునా చినుకు చినుకుగా, చల్లటి గాలిలో పడుతుంది. మనకు పడేది కొద్ది రోజుల్లో దబాయించి పడుతుంది, మిగతా రోజుల్లో ఎండ దానికి మూడింతలు లాగేసుకోగలదు. పైగా చాలా చోట్ల జానెడు లోతు ఎర్ర గరుగు నేల. తడిని ఎక్కువ రోజులు పట్టి ఉంచలేదు. ఇక శాన్‌హోసే వాళ్ళు వాడుకునే నీళ్ళలో సగం దాకా బయటినుంచి, సియెర్రా కొండల మంచు కరిగి కాలువల్లోనూ గొట్టాల్లోనూ వచ్చినవే.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది, ఇది ఏ క్విజ్ జాబితాలోనూ కనబడదు. మా దగ్గర శెనక్కాయ విత్తనం పడేది జూన్ చివర, జూలైలలో. పూత పూసి ఊడలు దిగేది ఆగస్టులో. ఎక్కువ వాన పడేది సెప్టెంబరులో. మధ్యలో ఒక్క మూడు వారాలు మొగం చాటేసిందంటే ఊడలు గట్టిపడిన నేలలోకి దిగలేక పైనే ఎండిపోతాయి. ఆ తర్వాత ఎంత కురిసినా చెట్టు పచ్చగా ఉంటుందే గానీ కింద కాయ ఉండదు. సంవత్సరం మొత్తం లెక్క తీస్తే రికార్డుల్లో "సాధారణ వర్షపాతం" అనే వస్తుంది! అందుకే మా పెద్దవాళ్ళు వానను కొలిచేది మిల్లీమీటర్లలో కాదు, కార్తెల్లో, పదునులో. "వాన వచ్చె గానీ పదును కాలేదు నాయనా" అనే ఒక్క మాటలో ఎంత సమాచారం ఉందో చూడండి. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. ఏ కార్తెలో పడిన వాన ఏ పంటకు పనికొస్తుందో, ఏది దండగో నోటికి చెప్పగలిగిన మనుషులు ఇంకా మన ఇళ్ళలో ఉన్నారు.

వాళ్ళు మన క్విజ్‌లో ఎక్కడుంటారు? గోడవార కుర్చీలో. జేజి వక్కాకు వేసుకుంటూ, మనవడు ఆక్టోపస్ గుండెలు లెక్కపెడుతుంటే మురిసిపోతూ చూస్తుంటుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. మనకు తెలియకుండానే మనం పిల్లలకు ఒక పాఠం చెప్తున్నాం: తెలివంటే దూరదేశాల రాజధానుల పేర్లు, జేజికి తెలిసింది తెలివి కిందికి రాదు. నాకు ఆ జాబితాలతో పేచీ ఇక్కడే. బుర్కినా ఫాసో రాజధాని తెలుసుకోవద్దని కాదు (ఔగాడౌగు, చెప్పేశాను). కానీ ఇంట్లో ఉన్న జ్ఞానానికి ఒక్క మార్కు కూడా లేని పరీక్షను మనమే పెట్టి, మనమే చప్పట్లు కొట్టుకోవడం ఏమిటి?

ఇప్పుడు ఆ "రెండో స్థానం" వల్ల నష్టం సంగతికి వస్తాను. ర్యాంకు చాలా సుఖమైన సంగతి. దేశంలోనే ఆఖరునుంచి రెండో వాళ్ళం అనుకుంటే ఇక చేసేదేముంది? దేవుడు రాసిన రాత. పొలం అమ్మేసి బెంగుళూరు బస్సెక్కడమే. నాయకుడికీ సుఖమే, అడిగేవాడుండడు. మనకీ సుఖమే, ఏడాదికొకసారి వెళ్ళి "అబ్బా, ఏం ఎండరా నాయనా" అనేసి తిరిగి రావచ్చు. అదే 550 మిల్లీమీటర్లు, లండన్‌కి కొంచెం తక్కువ అనుకుంటే, వెంటనే "మరి ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయి?" అని అడగాల్సి వస్తుంది.

ఆ ప్రశ్న పూర్వం వాళ్ళు అడిగారు. సముద్రం మొహం చూడని ఈ సీమలో ఊరి పేర్లు చూడండి. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం. అనంతపురానికి ఆ పేరొచ్చిందే అనంతసాగరం మీదుగా. సాగరం, సముద్రం! ఇవన్నీ 14వ శతాబ్దం నాటి విజయనగర కాలపు చెరువుల పేర్లు. ఆ చెరువు కట్ట కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ కథే కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' కావ్యానికి ఆధారం. పక్కనున్న కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం ఒకటుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. చెరువు కట్టాలంటే కావలసిన 12 అంగాలు, రాకూడని 6 దోషాలు అందులో వరసగా రాసిపెట్టారు. జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలన్నది ఒక అంగం. చవుడు నేల, కట్టలో ఊట, నీళ్ళు కొంచెం ఆయకట్టు మాత్రం బారెడు, ఇవి దోషాలు. రెండు రాజ్యాల సరిహద్దు మీద ఉండటం కూడా ఒక దోషమే! అంతర్రాష్ట్ర జలవివాదాలను ఆరున్నర శతాబ్దాల కిందటే బగ్ లిస్టులో పెట్టారన్నమాట :) వెయ్యిమంది కూలీలతో, వంద బండ్లతో రెండేళ్ళు కట్టారని కూడా అందులోనే ఉంది. మనం రాసే రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్లు రెండేళ్ళు నిలిస్తే గొప్ప. ఇది రాతి మీద ఉంది.

ఆనాటి వాన ఈనాటి వాన కంటే గొప్పగా ఏమీ ఉండి ఉండదు. వాళ్ళు పడిన వానను పట్టుకునే ఏర్పాటు చేసుకున్నారు. మనం బోర్ల మీద బోర్లు వేసి, చెరువుల్లో లేఔట్లు వేసి, కొర్రలూ జొన్నలూ ఉలవలూ వదిలేసి నేలంతా శెనక్కాయ ఒక్కటే పెట్టి, తప్పంతా ఆకాశం మీదికి నెట్టాం. హంద్రీ-నీవా కాలువలో శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్ళు ఎత్తిపోసి తెచ్చుకోవడం మంచిదే, నాకూ సంతోషమే. కానీ నెత్తి మీద పడేదాని లెక్క మర్చిపోయి దూరం నుంచి వచ్చేదాని కోసమే ఎదురుచూడటం మాత్రం ఆ "జైసల్మేర్ తర్వాత" అనే మాట నేర్పిన అలవాటేనని నా అనుమానం.

"పార్టీలో ఇంత ఉపన్యాసం ఎవడు వింటాడయ్యా?" అంటారు కదూ. నిజమే, ఎవరూ వినరు. ఉపన్యాసం ఇవ్వమని నేననడం లేదు, ప్రశ్న మార్చమంటున్నాను. జవాబు చెప్పగానే ముగిసిపోకుండా, పక్కనున్న పెద్దవాళ్ళు అందుకునేలా ఉండాలి. కిందటి సంక్రాంతినుంచి నేను వాడుతున్న కొన్ని ఇక్కడ పెడుతున్నాను. ఎత్తి రాసుకోండి, కాపీరైట్ లేదని కోర్టే చెప్పింది.

1. అనంతపురం సీమలో ప్రసిద్ధికెక్కిన ఊడలు రెండు రకాలు. ఏవి? ఒకటి కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఊడలు. సుమారు ఐదెకరాల్లో విస్తరించిన ఈ చెట్టు 1989లో గిన్నిస్ బుక్ ఎక్కింది. రెండోది శెనక్కాయ చెట్టు ఊడలు. పిల్లలు మొదటిది చెప్తారు, రెండోది ఎవరో తాత అందుకుంటాడు. శెనక్కాయ మట్టి కింద ఎలా కాస్తుందో అప్పుడు చెప్పించండి. వేరుకే కాస్తుందనుకునే ఇంజనీర్లు ఎంతమందో తేలుతుంది.

2. రైతులు తరాలుగా వేసిన శెనక్కాయ రకం టీఎంవీ-2. ఆ టీఎంవీ ఏమిటి? తమిళనాడులోని తిండివనం. అక్కడి పరిశోధన కేంద్రం 1940లో విడుదల చేసిన రకం. అసలు శెనక్కాయ పుట్టిల్లు దక్షిణ అమెరికా. "అది రాకముందు మన చేలల్లో ఏముండేది?" అన్నది దీని వెనకాల అడగాల్సిన ప్రశ్న. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక బెంగుళూరు సూపర్‌మార్కెట్లో అందమైన ప్యాకెట్లలో కనబడుతున్న కొర్రలు జేజికి కొత్త కాదు.

3. "రాయలసీమ" అనే పేరు వయసెంత? వందేళ్ళు కూడా లేదు. 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించారు. అంతకుముందు దత్తమండలాలు, నిజాం 1800లో ఇంగ్లీషువాళ్ళకు అప్పగించినవి. పేరు పెట్టినాయన అనంతపురం కాలేజీలో తెలుగు పంతులు, పుట్టింది శ్రీకాకుళం వైపు. ఇక్కడ ప్రాంతాల మీద వాదన మొదలవుతుంది, ఉగ్గాణి బజ్జీ పెట్టి ఆపండి.

4. పోటీ లేకుండా ఎన్నికైన ఒకే ఒక్క రాష్ట్రపతి? 1977లో నీలం సంజీవరెడ్డి. 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు. అంతకు ఎనిమిదేళ్ళ కిందట, 1969లో, అదే పదవికి వి.వి.గిరి మీద ఓడిపోయారు. ఆ ఎన్నిక గుర్తున్న పెద్దవాళ్ళుంటే మిగతా క్విజ్ ఇక ఆశలు వదులుకోండి.

5. నటుడు బళ్ళారి రాఘవకీ, 'మాయాబజార్' (1957) దర్శకుడు కె.వి.రెడ్డికీ ఉమ్మడిగా ఉన్న ఊరు? తాడిపత్రి. "బళ్ళారి" రాఘవ పుట్టింది బళ్ళారిలో కాదని చాలామంది నమ్మరు. అనంతపురం జిల్లాయే 1882 దాకా బళ్ళారి జిల్లాలో భాగమని చెప్తే ఇంకా ఆశ్చర్యపోతారు.

6. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఏ ఊళ్ళో ప్రారంభించారు? నార్పల మండలం బండ్లపల్లి. మీ చుట్టాల్లో ఆ పనికి వెళ్ళినవాళ్ళుంటారు. ఏం తవ్వారో, అందులో ఇప్పుడు నీళ్ళు నిలుస్తున్నాయో లేదో అడగండి.

7. లేపాక్షి ఏ జిల్లాలో ఉంది? 2022 ఏప్రిల్ 4కి ముందు అనంతపురం, ఆ రోజునుంచి శ్రీ సత్యసాయి జిల్లా. పాత గైడు చదివినవాడు దొరికిపోతాడు. వర్షన్ చూసుకోకుండా జవాబు చెప్పకూడదని మనకు వేరే చెప్పాలా?

"ఇవన్నీ ఫోనులో దొరుకుతాయి కదా, ఏఐని అడిగితే వివరణతో సహా చెప్తుంది" అనేవాళ్ళూ ఉన్నారు. అందుకే నా జాబితాలో చివరి ప్రశ్న ఎప్పుడూ ఫోనులో దొరకనిది ఉంచుతాను. మన ఊరి చెరువు పేరేమిటి, దానికి నీళ్ళు ఏ వంకనుంచి వచ్చేవి, ఆఖరిసారి అలుగు పారింది ఏ సంవత్సరం? జవాబు నాకూ తెలియదు, ఫోనుకూ తెలియదు. గోడవార కుర్చీల్లో ఉన్నవాళ్ళకు మాత్రమే తెలుసు, అదీ ఒక్కొక్కరికి ఒక్కోలా. చిన్నాయన ఒక సంవత్సరం అంటాడు, అవ్వ కాదంటుంది, మా పెద్దబ్బాయి పుట్టిన ఏడు అని సాక్ష్యం తెస్తుంది. ఆ వాదన అరగంట సాగుతుంది. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి వింటారు. ఆ వాదనను ఎవరైనా కాగితం మీద పెడితే ఆ ఊరి నీటి చరిత్ర మొదటిసారి రాసినట్టే.

ఇంగ్లీషు ట్రివియాకు మూలం లాటిన్ మాటట. మూడు దారులు కలిసే కూడలి అని అర్థం. మన ఊళ్ళలో అలాంటి చోట ఒక రచ్చబండ ఉంటుంది, దాని మీద కూర్చున్నవాళ్ళకు తెలియని సంగతి ఉండదు. క్విజ్ మాస్టరుగిరీ చేసే మిత్రులకు నా మనవి ఒక్కటే. ఈసారి ఎవరైనా "జైసల్మేర్ తర్వాత..." అని మొదలుపెడితే చప్పట్లు కొట్టకండి, "ఎన్ని మిల్లీమీటర్లు బాసూ?" అని అడగండి. తర్వాత ఆ లండన్, శాన్‌హోసే ప్రశ్న వదలండి. ఆ తర్వాత మీరు మాట్లాడాల్సిన అవసరం ఉండదు.

మీ ఊరి చెరువు పేరు మీకు తెలుసా? తెలియకపోతే ఇవాళే ఇంటికి ఫోను చేసి కనుక్కోండి. చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడే.